కంప్యూటర్‌కు ఐసు పెట్టిన రోజు

మా ఆవిడ పోయిన రోజు ఆమె తమ్ముడు సముద్రం మీద ఉన్నాడు. ఫోను అందలేదు. బోటు ఒడ్డుకు చేరేటప్పటికి అన్నీ అయిపోయాయి. ఆ సంగతి అతను నా దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. వచ్చినప్పుడల్లా గోడ మీది ఫోటో ముందు కాసేపు నిలబడి, చేపలు ఇచ్చి వెళ్ళిపోయేవాడు.

ఈ వేసవిలో బీరువా సర్దుతుంటే పాత వీడియో క్యాసెట్టు ఒకటి దొరికింది. మైపాడు బీచిలో మా ఆవిడ తీసింది. కెమెరా ఆమె చేతిలోనే ఉంది కాబట్టి ఆమె కనిపించేది తక్కువ, వినిపించేది ఎక్కువ. నెల్లూరులో ఒక షాపువాళ్ళు దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చారు. ఫైలు మరీ పెద్దది, ఫోనులో తెరుచుకోలేదు. కంప్యూటర్లో పెట్టి చిన్నది చెయ్యాలి. సంగతి తెలియగానే బావమరిది, అతని భార్య పొద్దున్నే ఇందుకూరుపేటలో మా ఇంటికి వచ్చేశారు. అతను సాయంత్రం బోటెక్కాలి. మళ్ళీ వారం దాకా రాడు. ఈసారి అక్క గొంతు ఫోనులో పెట్టుకొని వెళ్ళాలని పట్టుబట్టాడు.

అప్పటికే పని మొదలుపెట్టాను. ఇంకా పంతొమ్మిది గంటలు పడుతుందని తెర మీద కనిపిస్తోంది. పోనీ కొంత భాగం చేసి ఇస్తానన్నాను.

“ముక్కొద్దు బావా. మొత్తం కావాల.”

ఎందుకింత నెమ్మదో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాను. నా కంప్యూటర్లో ప్రాసెసర్‌కు ఎనిమిది కోర్లు. తెర మీద ఒక్కో కోరుకు ఒక్కో గడి. ఒక గడి నిండిపోయి ఉంది. మిగతా ఏడింటిలో అడుగున సన్నటి గీత. ఆ గడులేమిటని బావమరిది భార్య అడిగితే, పని చేసేవి ఎనిమిది ఉన్నాయని, ప్రస్తుతం ఒకటే చేస్తోందని చెప్పాను.

“అంటే ఒక్కడు వల లాగతా ఉంటే ఏడుగురు గట్టున కూర్చోని బీడీలు తాగతా ఉండారా అన్నా?”

“మా బోటు మీద కూడా అంతేలే,” అన్నాడు ఆమె మొగుడు.

నేను ఆ సాఫ్ట్‌వేర్ తాలూకు సహాయం పేజీలు తెరిచి మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఆమె, వదిన చెప్పింది నిజమేనంది. ఫ్యాను తిరక్కపోతే అన్న స్విచ్చి చూడడట, పుస్తకం చూస్తాడట. నేను వినిపించుకోలేదు. ఒకచోట దొరికింది. ఎన్ని కోర్లను వాడాలో చెప్పే గడిలో ‘ఒకటి’ అని ఉంది. ఒకే కోరున్న నా పాత కంప్యూటర్ నుంచి సెట్టింగులన్నీ ఉన్నవి ఉన్నట్టుగా దీనిలోకి తెచ్చుకున్నాను. అదీ వచ్చేసింది.

మార్చాలంటే పొద్దుటి నుంచి అయిన పనంతా వదులుకొని మళ్ళీ మొదలుపెట్టాలి. బావమరిది వైపు చూశాను. కానిమ్మన్నాడు. ‘ఆటో’ అని మార్చి నొక్కాను.

ఎనిమిది గడులూ ఒక్కసారిగా నిండాయి. లోపలి ఫ్యాను హోరుమంది. బావమరిది ఈల వేశాడు. మిగిలిన సమయం పది గంటలకు, ఏడుకు, ఐదుకు దిగుతోంది. అతని భార్య రేవులో చేపల వేలంపాట పాడినట్టు ఒక్కో అంకె గట్టిగా చదివింది, కాకపోతే తగ్గిస్తూ. మూడు గంటల దగ్గర పాట నిలిచింది. నాకు తెలియకుండానే చప్పట్లు కొట్టాను.

అయితే వేడెక్కితే దానంతట అది ఆగిపోయే రోగం ఆ కంప్యూటర్‌కు ఉంది. బయట రోహిణి ఎండ. బావమరిది బయటికి వెళ్ళి, బోటుకని ఆటోలో పెట్టుకున్న థర్మాకోల్ పెట్టె మోసుకొచ్చాడు. నిండా ఐసు. టేబుల్ మీద పెట్టి మూత తీసి, వెనక టేబుల్ ఫ్యాను పెట్టాడు. చల్లగాలితో పాటు ఇంతకు ముందు ఆ పెట్టెలో ఉన్న చేపలన్నిటి వాసనా గదిలోకి వచ్చింది. పిల్లి గుమ్మంలో వచ్చి కూర్చుంది. కంప్యూటర్ దగ్గర ఏం దొరుకుతుందో దానికి అర్థం కాలేదు. ముగ్గురం నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాం. మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో అంత నవ్వు లేదు.

బోటు టైముకు ముందే పని పూర్తయింది. నొక్కాను. తెర మీద ఇసుక, మా ఆవిడ పాదాలు, ఆమె గొంతు.

“ఎర్రలైటు వెలగతా ఉంటే తీస్తా ఉన్నట్టేనా?”

ఆ వెంటనే నా గొంతు: “ఉండు, పుస్తకం చూసి చెప్తా.”

ఆమె నవ్వుకు కెమెరా ఊగిపోయింది. మేమూ ఊగిపోయాం. బావమరిది భార్య గోడకు ఆనుకొని కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత కెమెరా సముద్రం వైపు తిరిగింది. అలల్లో సన్నగా, నల్లగా బావమరిది.

“ఒరే, చాల్లే, బయటికి రారా. నువ్వొచ్చిందాకా ఈడ ఎవరూ తినరు.”

అతను నవ్వు ఆపేశాడు. తెర వైపు ఒంగి మెల్లగా, “వస్తా ఉండాన్లే అక్కా,” అన్నాడు.

వీడియో ఫోనులోకి ఎక్కించుకొని, ఐసు పెట్టె భుజాన పెట్టుకొని భార్యతో కలిసి వెళ్ళాడు. సగం ఐసు మా ఇంట్లోనే కరిగిపోయింది. దారిలో ఇంకొంచెం కొనుక్కుంటానన్నాడు.

చీకటి పడే వేళకు ఫోను వచ్చింది. సిగ్నల్ ఇంకా ఉన్నట్టుంది. ఇంజను మోత, ఆ మోతలో మా ఆవిడ నవ్వు.

“బోటంతా వింటా ఉండారు బావా. సరంగు బోటు నడపడం మానేసి మళ్ళీ పెట్టమంటా ఉండాడు. నువ్వు తిన్నావా?”

ఇంకా లేదన్నాను.

“తినెయ్. నేనొచ్చిందాకా ఆగబాక.”

టేబుల్ కింద ఐసు నీళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. గుడ్డతో తుడిచి, కంచం పెట్టుకున్నాను. పిల్లి అప్పటికీ వెళ్ళలేదు.