నాలుగో ఫ్లాపీ మీద నంబరు

1988 జూలైలో మహబూబాబాద్‌లోని ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థలో కంప్యూటర్ ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాను. మాది దేవరుప్పుల. ఫిట్టర్, వెల్డర్ షెడ్ల పక్కన నాకొక గది, అందులో ఒకే ఒక కంప్యూటర్. సీ భాష నేర్పే కోర్సుకు అనుమతి ఇవ్వాలా వద్దా తేల్చడానికి తనిఖీ అధికారి శుక్రవారం వస్తారని, ఆయన ముందు ఒక్క ప్రోగ్రామైనా నడిచి తీరాలని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. నడవకపోతే కోర్సూ లేదు, నా పోస్టూ లేదు. నాకు అసలే ఓపిక తక్కువ. ఆ వారం కుదురుగా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు.

కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే సాధనం. మా యంత్రానికి హార్డ్ డిస్కు లేదు, కంపైలర్ నాలుగు ఫ్లాపీల్లో వచ్చింది. ఒకటి పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి, అలా మార్చుకుంటూ పోవాలి. నాలుగోది లైబ్రరీ. తెర మీద ఒక్క అక్షరం పడాలన్నా అందులోని భాగాలు మన ప్రోగ్రాముకు అతకాలి. ఫ్లాపీలు రాగానే కాపీలు తీసి, అసలువి బీరువాలో దాచాలన్నది మొదటి పాఠం. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

బుధవారం ప్రోగ్రాము రాసి కంపైల్ చేస్తే ఆరో వరుసలో తప్పుందని చూపించింది. ఆ వరుసను పదిసార్లు చదివినా తప్పు కనిపించలేదు. తీరా చూస్తే ఐదో వరుస చివర సెమీకోలన్ పెట్టడం మరిచాను. పై వరుస ముగియలేదన్న సంగతి కంపైలర్‌కు కింది వరుసలోకి వచ్చాకే తెలుస్తుంది. అది దిద్ది నాలుగో ఫ్లాపీ పెడితే డ్రైవు గరగరమంది, చదవలేనంది. తీసి చూశాను. నడిమధ్యలో సంస్థ నంబరు గుంటలు పడి ఉంది.

పానా అయినా సుత్తి అయినా స్టోరులోకి రాగానే ఉక్కు అచ్చుతో నంబరు కొట్టడం మా సంస్థలో ఆనవాయితీ. స్టోర్‌కీపర్ భద్రునాయక్, మరిపెడ దగ్గరి తండా మనిషి, ఫ్లాపీలకూ కొట్టాడు. మూడింటికి లోపలి డిస్కు తగలని మూలన కొట్టాడు కాబట్టి బతికాయి. నాలుగోదానికి మూలన లేబుల్ ఉందని, అది చెడిపోకూడదని, మధ్యకు జరిగాడు.

"నంబరు ఫ్లాపీ మీద కాదన్నా, నా నౌకరి మీద కొట్టినవ్" అని షెడ్లన్నీ వినేలా అరిచాను. ఆయన స్టోరులోకి వెళ్లిపోయాడు. కాసేపయ్యాక మళ్లీ వచ్చాడు.

"జనగామ సంస్థల గూడ గసొంటి ఫ్లాపీల డబ్బనే వచ్చిందన్నరు గద మేడం. పొద్దుగాల రైలుకు పోయి నకలు తెస్త. జర చిట్టీ రాసియ్యున్రి" అన్నాడు.

గురువారమంతా గదికీ గేటుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. సాయంత్రం దిగాడు. ఫ్లాపీని రుమాలులో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకొచ్చాడు. శుక్రవారం అధికారి ముందు తెర మీద సంస్థ పేరు పడింది. కోర్సు మంజూరైంది.

సోమవారం ప్రిన్సిపాల్ గారు ఫ్లాపీ చెడినందుకు బాధ్యులెవరో రాసివ్వమన్నారు. భద్రునాయక్ పేరు రాయడానికే స్టాక్ రిజిస్టర్ తెప్పించాను. నంబరు కొట్టినట్టు ఆయన రాసిన వరుస ఉంది. దానికి పై వరుసలో "ఫ్లాపీలు నాలుగు, నంబర్లు కొట్టవలెను" అని ఉంది, పక్కన నా సంతకం. చేరిన రోజు హడావిడిలో చదవకుండా పెట్టిన సంతకాల్లో అదొకటి. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజే ఎందుకు చెప్పలేదని ఆయన్ను అడిగాను.

"మీరు పరేషాన్ల ఉంటిరి మేడం. గప్పుడు గీ బుక్కు చూపెడితె ఫ్లాపీ బాగైతదా?"

బాధ్యుల గడిలో నా పేరే రాశాను. మెమో వచ్చింది, సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా సీ నేర్పాను. ఫ్లాపీలున్నన్నాళ్లూ ప్రతి బ్యాచ్ చేతా మొదటి రోజే వాటికి కాపీలు తీయించాను. తప్పు చూపించిన వరుస దగ్గరే ఆగకండి, దాని పై వరుస చదవండి అని చెప్పాను. నాకు ఆ పాఠం నేర్పిన పై వరుసలో నా సంతకమే ఉందని మాత్రం ఏ బ్యాచ్‌కూ చెప్పలేదు.