వేడి మీద పెట్టిన ఆవ

పనసపొట్టు కూర వండటం కూడా ఓ పనేనా అని బావమరిది దగ్గర కోతలు కోసింది నేనే. "అయితే ఆదివారం భోజనానికి వస్తానండి బావగారూ," అన్నాడు వాడు తణుకు నుంచి. మా ఆవిడ బాత్‌రూంలో జారిపడి, కుడిచేతికి కట్టుతో కూర్చుని అప్పటికి పదిహేను రోజులు.

"ఎందుకండీ ఈ పంతాలు, కూరలు బయట నుంచి తెప్పిద్దాం," అంది. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ వంటకి వంకలు పెడుతున్నవాణ్ణి. ఒక్క పూట వండి చూపించలేకపోతే ఆ బావమరిది ముందు మళ్లీ నోరెత్తగలనా?

పొద్దున్నే రాజమండ్రి మార్కెట్‌కి వెళ్లి, లేత పనసకాయ ఏరి, దగ్గరుండి పొట్టు కొట్టించాను. పసుపూ ఉప్పూ వేసి ఉడికించాను, గట్టిగా పిండాను. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువతో పోపు పెట్టి, జీడిపప్పు దండిగా వేసి, చింతపండు పులుసు పోసి మగ్గించాను. ఆవాలూ ఎండుమిర్చీ కలిపి మెత్తగా నూరిపెట్టుకున్నాను. అబ్బో, నా చెయ్యి నాకే ముద్దొచ్చింది!

"ఆవ మాత్రం కూర పూర్తిగా చల్లారాకే కలపండి," అని మూడుసార్లు చెప్పి, ఆవిడ మందు వేసుకుని కాసేపు నడుం వాల్చింది.

పన్నెండున్నరకి రావాల్సినవాడు పదకొండున్నరకే గేటు తీశాడు. వాడు వంటింట్లోకి తొంగిచూసేసరికి ఆవ ఘాటు ముక్కుకి కొట్టాలని నాకు ఒకటే దుగ్ధ. పొగలు కక్కుతున్న కూరలో ఆవముద్ద వేసి గరిటె తిప్పేశాను. వేడి తగిలితే ఆవ చేదెక్కుతుందని ఈ జిల్లాలో పసిపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తొందరపాటుకి మందేముంది?

భోజనాల దగ్గర బావమరిది మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. "కూర కొంచెం చేదెక్కినట్టుందండి బావగారూ."

నేను ఏదో అనేలోపే మా ఆవిడ అందుకుంది.

"బావగారినేమీ అనకురా. ఆయన చల్లారనిద్దామనే అన్నారు. నువ్వు ఆకలి మీద వచ్చావని నేనే కలిపేయమన్నాను."

నేను సిగ్గులేకుండా తల వంచుకుని తిన్నాను. వాడు కూర రెండోసారి వడ్డించుకున్నాడు.

వాడు వెళ్లాక అడిగాను, "అబద్ధం ఎందుకు చెప్పావే?"

ఆవిడ నవ్వింది. "పెళ్లయిన కొత్తలో నేనూ ఇలాగే వేడి మీద కలిపేశానండి. అత్తయ్యగారు రుచి చూసి, 'నువ్వు మాట్లాడకమ్మా' అన్నారు. వడ్డించేటప్పుడు తనే వండానని అందరికీ చెప్పారు."

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు కంచం పక్కకి నెట్టి, "ఇన్నేళ్లొచ్చి ఆవ పెట్టడం కూడా మర్చిపోయావా అమ్మా?" అని అందరిముందూ కసిరింది నేనే. అమ్మ నవ్వుతూ నాకు పెరుగు వేసింది. ఆ తర్వాత ఆ సంగతి ఒక్కసారి కూడా నాతో అనలేదు. పోయేదాకా అనలేదు.

వెంటనే బావమరిదికి ఫోన్ చేశాను. కొవ్వూరు దాటి బండి పక్కకి ఆపి ఎత్తాడు.

"ఒరేయ్, తప్పు మీ అక్కది కాదు. నాదే."

"తెలుసండి," పకపకా నవ్వాడు. "మా అక్క నిద్రలో ఉన్నా వేడి మీద ఆవ పెట్టమనదు. వచ్చే ఆదివారం మళ్లీ వండండి, వస్తాను."

పక్కన మా ఆవిడ నవ్వాపుకోలేక కట్టుకట్టిన చెయ్యి పట్టుకుని మెలికలు తిరిగిపోతోంది. నేనూ కడుపుబ్బా నవ్వాను. కానీ 'తప్పు నాదే' అన్న ఆ మాట నేను చెప్పాల్సింది అమ్మకి.