ఇరవయ్యో ఏట

కిందటి నెలలో కొవ్వూరులో రక్తపరీక్షకు వెళితే, అక్కడి అమ్మాయి నా వయసు అడిగింది. డెబ్బై ఎనిమిదో ఏడు నడుస్తోందన్నాను. కాగితం మీద డెబ్బై ఏడు వేసింది. తప్పు రాశావమ్మా అంటే, "నడిచేది కాదండి, నిండినవే రాయాలి" అంది.

ఇంటికి వచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. అరవై అయిదేళ్ళ కిందట ఇదే మాట అన్నందుకు నా స్నేహితురాలు కామేశ్వరి బల్లెక్కి నిలబడింది.

అప్పట్లో మేం సామర్లకోటలో ఉండేవాళ్ళం. మా నాన్నగారే మా క్లాసుకు ఇంగ్లీషు మాస్టారు. ఒకనాడు పిల్లలందరినీ ఊరి చివర దొరల సమాధులకు తీసుకువెళ్ళి, ఒక రాయి చూపించి, ఈ సైనికుడు ఎన్నేళ్ళు బతికాడో చదివి చెప్పమన్నారు. నేను ఇరవై అన్నాను. కామేశ్వరి పందొమ్మిది అంది. ఇరవయ్యో ఏడు నడుస్తుండగా పోయాడని కదండీ ఉంది అని వాదించింది. మర్నాడు నాకు జామెట్రీ బాక్సు బహుమానం, ఆమెకు ఎదురుచెప్పినందుకు గంటసేపు బల్ల. ఇన్నేళ్ళలో ఎప్పుడు కలిసినా "నీ ఇరవై క్షేమమేనా?" అని దెప్పడం ఆమె మానలేదు, నవ్వి ఊరుకోవడం నేనూ మానలేదు.

రాయి చూడకుండా తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. తునిలో కూతురి దగ్గర ఉంటున్న కామేశ్వరికి ఫోన్ చేసి, బుధవారం సామర్లకోట రమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. జామెట్రీ బాక్సు సంచిలో పెట్టుకున్నాను.

కొవ్వూరులో పాసింజరు ఏడూ పదికి రావాల్సింది ఏడూ ఇరవై రెండుకు వచ్చింది. టికెట్టు పదిహేను రూపాయలు. కిటికీ పక్కన చోటు దొరికింది. గోదావరి దాటుతుంటే నీళ్ళ మీద ఇంకా మంచు ఉంది. కడియంలో పూలబుట్టలతో ఒకావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది.

"ఎవరింటికండి?"

"ఇంటికి కాదమ్మా, ఒక సమాధి చూడ్డానికి."

"అయ్యో, ఎవరు పోయారండి?"

"ఒక కుర్రాడు. మా అమ్మమ్మ పుట్టకముందే పోయాడు."

ఆవిడ నన్ను కాసేపు చూసి, బుట్టలోంచి దోసెడు చామంతులు తీసి కాగితంలో చుట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే, "కుర్రాడికన్నారు కదండి" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

తొమ్మిదింటికి సామర్లకోట. కామేశ్వరి అప్పటికే బెంచీ మీద ఉంది, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని. కళ్ళు బాగా మసకబారాయట. నా అడుగుల చప్పుడు విని, "ఆలస్యంగా వచ్చేది నువ్వేనా, నీలా అడుగులేసే ఇంకెవరైనానా?" అంది. స్టేషను బయట చెరో పెసరట్టు తిన్నాం. మేం చదివిన బడి వైపు వెళ్ళాలనుకుని మానేశాం. అది పడగొట్టి మేడ కట్టారట. ఆటో అతను ఎనభై అడిగి అరవైకి వచ్చాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. పల్లేరుకాయలు ఎక్కువ, గట్టి చెప్పులు వేసుకోండి. గేటుకు తాళం లేదు. ఎడమవైపు నాలుగో రాయి మాది. చిన్నప్పుడు బడి వదిలాక మందారాలు కోసుకుని వచ్చి దాని మీద పెట్టేవాళ్ళం. జానయ్య అని పేరు కూడా పెట్టాం. పేరులో జాన్ తప్ప మిగతాది అప్పటికే పెచ్చులూడిపోయింది. వాళ్ళ అమ్మకు ఉత్తరం ఎన్నాళ్ళకు అందిందో అని కామేశ్వరి ఒకసారి ఏడ్చింది కూడా.

"చదవవే. నాకు ఆనదు" అంది ఆమె, రాయి మీద అరచెయ్యి ఆనించి.

చదివాను. పదాతి దళంలో మామూలు సైనికుడు. జ్వరంతో పోయాడు. తోటివాళ్ళు చందాలు వేసుకుని ఈ రాయి నిలిపారు. తరవాతి వరుస దగ్గర ఆగాను. ఆమెకు కనిపించదు. ఇరవై అని చదివినా సరిపోయేది.

"ఇన్ ద ట్వెంటియత్ ఇయర్ ఆఫ్ హిస్ ఏజ్. నీదే రైటు, కామేశ్వరీ. పందొమ్మిదే నిండాయి. మా నాన్నగారిది పొరపాటు, నాదీను."

జామెట్రీ బాక్సు ఆమె చేతిలో పెట్టాను. మూత తీసి, తుప్పు పట్టిన వృత్తలేఖిని వేళ్ళతో తడిమింది.

"బల్ల మీద గంట నిలబడ్డానే" అంది. "కాళ్ళు కాదు, అందరూ నా పరికిణీ చిరుగు చూస్తున్నారని బాధ."

చామంతులు సగం ఆమెకిచ్చాను. ఇద్దరం రాయి మీద పెట్టాం.

"అయితే ఇన్నాళ్ళూ నువ్విచ్చిన ఏడాది ఇప్పుడు వాడి దగ్గర లాగేసుకుంటావేంటి?" అంది కామేశ్వరి.

"లెక్క లెక్కే కదే."

"ఇరవయ్యో ఏట ఎన్ని నెలలు బతికాడో రాయి చెప్పిందా?"

"లేదు."

"అయితే పుట్టినరోజుకి ముందురోజు దాకా బతికాడని రాసుకో. నీ లెక్కా తప్పదు, వాడికీ నష్టం ఉండదు."

ఎటునుంచి చూసినా అందులో తప్పు కనిపించలేదు.

మూడూ ఇరవైకి ఆమె బండి, మూడూ నలభై అయిదుకు నాది. జామెట్రీ బాక్సు కొంగులో చుట్టుకుని ఎక్కింది. నేను రాజమండ్రి దాకా కునికిపాట్లు పడ్డాను. బండి వంతెన ఎక్కుతుంటే ఫోన్ మోగింది.

"లీపు సంవత్సరం చూశావా?" అంది కామేశ్వరి. "ఇంకో రోజు వస్తుందేమో."

రాయి మీద సంవత్సరంలో చివరి అంకె అరిగిపోయిందని చెప్పాను.

"అయితే కాదనడానికి లేదుగా."

కింద గోదావరి ఎర్రబడుతోంది. మామూలు ఏడాదిలో పుట్టినరోజుకి ముందురోజు దాకా మూడు వందల అరవై నాలుగు రోజులే, లీపు అయితే ఇంకొకటి. ప్రయాణాల పుస్తకం తీసి, జాన్, పందొమ్మిదేళ్ళ మూడు వందల అరవై అయిదు రోజులు, అని రాసుకున్నాను. మర్నాడే అతని పుట్టినరోజు.