తడిబట్టలతో నడిచిన గట్టు

ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. గుండెలో బరువు అందామనుకున్నాను కానీ ఆ మాట నాకు మరీ మర్యాదగా ఉంది. అది కుళ్లు.

రేపల్లె దగ్గర మా పొలం అమ్మేస్తున్నాం. నాన్న పోయాక, తెనాలిలో వ్యాపారం చేసుకునే నావల్ల సాగు కాలేదు. నిన్న పొద్దున మోటారు కొట్టు ఖాళీ చేయించాను. ఎలుకలు కొట్టిన గోతాలు, తుప్పు పట్టిన స్ప్రేయరు, గడ్డకట్టిన యూరియా. అన్నీ ట్రాక్టరులోకి ఎక్కాక, బోరు దగ్గర కాళ్లు కడుక్కునే బండ మిగిలింది. కూలీ దాన్ని గునపంతో లేపి తిరగేశాడు. అడుగున, బురదలో, ఉలితో కొట్టిన గుర్తు. హద్దు రాయి. అతను నా మొహం చూశాడు. ఏదో పాత రాయిలే, బండిలో వెయ్యమన్నాను. నా నోటికి అబద్ధం ఎంత అలవాటో!

పక్క పొలం సామ్రాజ్యం అత్తయ్యది. చుట్టరికం లేదు, వరస అంతే. ఆమె భర్త పోయినప్పటి నుంచి, ఏటా దమ్ముకు ముందు నాన్న గట్టును మా వైపు చెక్కి, ఆమె వైపు మట్టి మెత్తేవాడు. గట్టు కొంచెం కొంచెంగా ఆమె చేలోకి జరిగింది. రాయి జరగలేదు. మా చేలో నిలబడి మా దొంగతనం చెబుతూ ఉండేది. ఒక వేసవిలో నాన్నా నేనూ కలిసి దాన్ని పెళ్లగించి, గుర్తు కనపడకుండా బోరు దగ్గర బోర్లా పరిచాం. అప్పుడు నేను బాపట్లలో డిగ్రీ చదువుతున్నాను. పసివాణ్నేం కాదు.

రాయి ఏదని అత్తయ్య పెద్దమనుషుల్ని పిలిచింది. మా వైపు ఒక పద్ధతుంది. రాయి లేకపోతే, హద్దు తెలిసినవాడు తడిబట్టలతో దాని మీద నడవాలి. అబద్ధం నడిస్తే వంశం నిలవదంటారు. నాన్న అప్పటికే చొక్కా విప్పాడు. అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దన్నయ్యా. అబ్బాయిని నడవమను. వాడెక్కడ కాలేస్తే అదే నా హద్దు."

"నేనెందుకత్తయ్యా..."

"నువ్వు అబద్ధమాడవు, నాకు తెలుసు. నడువయ్యా."

బోరు కింద ఆ రాయి మీదే నిలబడి తడిశాను. నాన్న జరిపిన గట్టు మీద, తల వంచుకుని, ఆ చివరి దాకా నడిచాను. భయపడ్డానా? లేదు. నాన్న పరువు కాపాడానా? అలా అని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను గానీ, నిజానికి నలుగురిలో నా మొహం చిన్నబోకూడదని నడిచాను. అదే హద్దని అత్తయ్య ఒప్పేసుకుంది. పోతూ పోతూ ఆ రాయి మీదే కాళ్లు కడుక్కుంది. ఆ తర్వాత కూడా నాట్లప్పుడల్లా కడుక్కునేది, బాగున్నావా అబ్బాయ్ అని నన్ను పలకరిస్తూ. వంశానికేం కాలేదు. పిల్లలు బాగానే ఉన్నారు. దేవుడికి కూడా పట్టలేదు.

కానీ ఇది పాత పాపం మాత్రమే అయితే మీదాకా వచ్చేవాణ్ని కాదేమో.

నిన్న మధ్యాహ్నం కొనేవాళ్లు సర్వేయరును తెచ్చారు. అత్తయ్య కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చి టేపు లాగనివ్వలేదు. అబ్బాయి నడిచిన హద్దుకు మళ్లీ కొలతలేంటి అంది. అందరూ నా వైపు చూశారు. రాయి ఇంకా ట్రాక్టరులోనే ఉంది. ఒక్క మాట అంటే దించుతారు.

అవునండి, అదే హద్దు అన్నాను.

ఈసారి ఒంటి మీద బట్టలు కూడా తడవలేదు.

టేపు చుట్టేశారు. రాయిని పారెయ్యలేక తెనాలి తెచ్చి పెరట్లో దింపించాను. మీరు నన్ను క్షమించక్కర్లేదు, మీది కాదు ఆ పొలం. ఇదంతా చెప్పాక కాస్త ఊపిరాడుతోంది. ఆమెకు చెప్పాల్సింది మీకు చెప్పి ఊపిరి పీల్చుకుంటున్నాను, చూశారా. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.