అత్తమ్మ చెవులు

మా అత్తమ్మకు కోపం వస్తే మాట్లాడదు. రెండు రోజులు, మరీ గట్టి కోపమైతే మూడు రోజులు. ఆ రోజుల్లో తన పని తాను చేసుకుపోతుంది, అన్నం తానే వడ్డించుకుంటుంది, పిలిస్తే పలకదు. కాబట్టి మేమూ పిలవం. నాలుగో రోజు పొద్దున టీ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టిందంటే గొడవ ముగిసినట్టు. తప్పు నాదంటే నాదని ఎవరూ ఒప్పుకోరు, ఎవరూ అడగరు. పెళ్లయిన కొత్తలో ఈ పద్ధతి నాకు వింతగా ఉండేది. పదహారేళ్లు గడిచేసరికి నేనూ నేర్చుకున్నాను, నిజం చెప్పాలంటే ఆమెను మించిపోయాను.

చార్మినార్ దగ్గర గాజుల గల్లీలో మాకో చిన్న దుకాణం ఉంది. మామయ్య పోయిన దగ్గర్నుంచి ఆ గద్దె మీద కూర్చునేది అత్తమ్మే. మా ఆయన ఫిరోజాబాద్ నుంచి సరుకు తెప్పించి చిల్లర దుకాణాలకు వేస్తాడు. నేను కిషన్‌బాగ్‌లో మా ఇంటి పక్క బడిలో లెక్కల టీచర్ని, ఆదివారం మాత్రం దుకాణానికి వెళ్తాను. అక్కడ నా ఉద్యోగం అత్తమ్మ అడిగిన పెట్టె అందివ్వడం.

ఎవరికైనా గాజులు తొడిగే ముందు ఆమె డజను గాజుల్ని వేళ్లకు దూర్చి చెవి దగ్గర ఒక్కసారి ఆడిస్తుంది. అన్నీ బాగుంటే ఒకటే గలగల. ఒక్కదానికి కంటికి కనబడనంత చిట్లు ఉన్నా ఆ గలగలలో ఒక మొద్దు చప్పుడు కలుస్తుందట. 'అట' అని ఎందుకంటున్నానంటే ఆ మొద్దు చప్పుడు నా జన్మలో నాకు వినబడలేదు. పెళ్లికూతురి చేతికి వేసిన గాజు పీటల మీద చిట్లితే ఆ ఇంటివాళ్లు దుకాణం పేరు చెప్పుకుని ఏళ్ల తరబడి తిట్టుకుంటారు. అందుకని అత్తమ్మ వినకుండా ఒక్క జత కూడా తొడగదు.

ఆ ఆదివారం బేరాలు ఎక్కువగా ఉన్నాయి. నేను తొందరపడి ఒక అమ్మాయికి ఆడించకుండానే గాజులు ఎక్కించేశాను. అత్తమ్మ అందరి ముందూ నా చేయి పట్టుకుని ఆపి, బుద్ధి లేదా అంది. నాకు ఒళ్లు మండింది. ఈ పాతకాలపు చాదస్తం ఎవరికి కావాలి అని నేనూ అందరి ముందే అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం నోరు విప్పలేదు.

సోమవారం ఆమె పలకలేదు. దుకాణానికి పోలేదు, తల పట్టుకుని మంచం మీదే కూర్చుంది. మా ఆయన ఏమైందని నన్నడిగాడు, నిన్నటిదే అని చెప్పాను. మంగళవారం దుకాణానికి వెళ్లింది. సాయంత్రం ఎదురు దుకాణంలో ముత్యాలు అమ్మే భాయ్ మా ఆయన్ని పక్కకు పిలిచాడు. ఆకుపచ్చ గాజులు అడిగితే అమ్మాజీ అడిగినవాళ్ల మొహం చూస్తూ ఊరికే కూర్చుందని, రెండుసార్లు అలాగే జరిగిందని చెప్పాడు. "అమ్మా గుస్సే మే నహీ హై భాయ్," అన్నాడట. "కుచ్ ఔర్ హై."

కోపం కాదు, ఇంకేదో ఉందని మాకంటే ముందు అతనికి తెలిసింది. రోజూ ఆమె ముఖం చూసేది అతనే కదా.

మర్నాడు చెవుల డాక్టరు రెండు చెవులూ చూసి, శుభ్రంగా ఉన్నాయని చెప్పి, ఒక చీటీ రాసి పెద్దాసుపత్రికి వెళ్లమన్నాడు. అక్కడ తల స్కానింగ్ తీశారు. మెదడుకు సంబంధించిన పెద్ద డాక్టరు, తెల్లజుట్టు మనిషి, ఫిల్మును దీపానికి ఎత్తి పట్టి మాకు చూపించాడు. ఎడమవైపు చెవి పైభాగాన మెదడులో కొత్తగా రక్తం అందక ఒక ముక్క దెబ్బతింది. కుడివైపు దాదాపు అదే చోట పాత మచ్చ ఉంది. మొదటి స్ట్రోకు ఎప్పుడు వచ్చిందో మాకే కాదు, ఆమెకూ తెలియదు. మూతి వంకర పోలేదు, చెయ్యీ కాలూ పడిపోలేదు. అలాంటివి లేకుండా కూడా స్ట్రోకు వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఎప్పుడు మొదలైందని డాక్టరు అడిగాడు. మా ఆయన నిన్న అన్నాడు. నేను సోమవారం పొద్దున అన్నాను. ఆయన రాసుకున్నాడు. మొదటి నాలుగైదు గంటల్లో వచ్చి ఉంటే గడ్డ కరిగే మందు ఇవ్వొచ్చేమో చూసేవాళ్లమన్నాడు. తిట్టలేదు, మామూలుగా చెప్పాడు. మంచం మీద తల పట్టుకుని కూర్చున్న మనిషిని దాటుకుని బడికి పోయాను, మర్నాడు కూడా ఏమీ అడక్కుండా పోయి వచ్చాను నేను.

పది రోజులకు ఇంటికి పంపారు. అత్తమ్మ మాట బాగానే ఉంది. మొదట్లో కొంచెం తడబడినా తర్వాత ఎప్పటిలాగే మాట్లాడింది. మేం మాట్లాడేదే ఆమెకు అందడం లేదు. ఏం వినిపిస్తోందని పలక మీద రాసి అడిగితే చదివి చెప్పింది. "మీ గొంతులు తెలుస్తున్నయి. మాట తెలుస్తలేదు. రేకుల మీద వాన పడ్డట్టున్నది."

ఇది విన్నాక కూడా మేం చేసిన పని అరవడం. మా ఆయన అరిచేవాడు, నేను అరిచేదాన్ని, బడిలో పిల్లల మీద అరిచి అరిచి నా గొంతు మంచి సాధనలో ఉంది. చుట్టాలు వచ్చి చెవిలో నోరు పెట్టి అరిచేవాళ్లు. డాక్టర్లను అడక్కుండానే మా ఆయన చెవి మిషను కొనుక్కొచ్చాడు. పెట్టుకున్న గంటలోనే అత్తమ్మ దాన్ని పీకి బియ్యం డబ్బాలో పడేసింది. వాన పెద్దదైందట, అంతే.

ఇక దుకాణం ఎందుకు, అద్దెకు ఇచ్చేద్దామని మా ఆయన అన్నాడు. పక్క బట్టల దుకాణం వాళ్లు ఎప్పట్నుంచో అడుగుతున్నారు. వినలేని మనిషి బేరం ఎలా చేస్తుంది? నెల తర్వాత వినికిడి పరీక్షలున్నాయి, అవి అయ్యాక మాట ఇచ్చేస్తానన్నాడు. అత్తమ్మకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆమె మా ముఖాలు చదవడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున్నే తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర కూర్చునేది. ఆమెను దాటుకుని మా ఆయన వెళ్లిపోయేవాడు. ఆ గద్దె పోతే అది నా మూలంగానే పోయినట్టని నాకు రోజూ అనిపించేది.

పరీక్షలు చేసిన ఆడియాలజిస్టు సన్నగా, పొట్టిగా ఉన్న అమ్మాయి. నా కూతురంత వయసు కాదు గానీ నా చెల్లెలంత కూడా కాదు. ఆమె చేసిన మొదటి పని నా నోరు మూయించడం. అత్తమ్మను అడిగిన ప్రతిదానికీ నేను జవాబు చెబుతుంటే, "మేడం, అమ్మ చెప్తుంది," అంది మర్యాదగా. ప్రశ్నను కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అత్తమ్మ ముందు పెట్టింది. ఎంతసేపైనా ఎదురుచూసింది. బయట వరుసలో జనం గొణుగుతున్నారు. ఈమె తొణకలేదు.

చుట్టూ మెత్తలు అంటించిన చిన్న గదిలో పరీక్ష. తలుపు వేస్తే అత్తమ్మ భయపడుతుందని నన్నూ లోపల కూర్చోబెట్టారు. అద్దం అవతల నుంచి ఆ అమ్మాయి సన్నని కూతలు వినిపిస్తుంటే అత్తమ్మ ప్రతిదానికీ వేలెత్తింది. మిషను గీసిన గీతను చూసి ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి చేసింది. మళ్లీ అదే. ఈ వయసులో ఇంత మంచి చెవులు అరుదట. తర్వాత చిన్న చిన్న మాటలు వినిపించింది. నీళ్లు, చెయ్యి, ఇల్లు. అత్తమ్మ దిక్కులు చూసింది.

నాకు దుఃఖం వచ్చి కళ్లు తుడుచుకున్నాను. నా చేతి గాజులు కదిలాయి. అత్తమ్మ గిర్రున నా వైపు తిరిగింది.

"నీ చేతిల ఒకటి చిట్లింది," అంది. "తీసెయ్, గీసుకపోతది."

ఆ అమ్మాయి పరీక్ష ఆపేసి లోపలికి వచ్చింది. నా చేతి గాజులు ఒక్కొక్కటే తీయించి, వెలుతురుకు పెట్టి చూసింది. నాలుగో దానికి వెంట్రుకంత చిట్లు ఉంది. అప్పుడా అమ్మాయి ముఖంలో కనబడిన సంతోషం నేను మరిచిపోలేను. అత్తమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, తన పెదవులు చూపించి, ఒక్కో మాటా విడదీసి, "మీ, చెవులు, బంగారం," అంది. మూడోసారికి అత్తమ్మకు అర్థమైంది. నెల రోజుల్లో మనిషి నోటి నుంచి ఆమె పట్టుకున్న మొదటి మాటలు అవి.

ఆ తర్వాతి వారం ఆ అమ్మాయి గాజులు తెమ్మంది. దుకాణం నుంచి రెండు పెట్టెలు మోసుకెళ్లాను. ఆమె తనే ఒక పరీక్ష తయారుచేసుకుంది. అత్తమ్మ వీపు వెనక డజను డజనుగా ఆడించడం, చిట్లింది ఉందో లేదో అడగడం. తన ఫోన్లో ఆటో హారను, కుక్కరు కూత, మసీదు అజాన్, గుడి గంట, పిల్లి అరుపు రికార్డు చేసుకొచ్చింది. అత్తమ్మ దేన్నీ తప్పు చెప్పలేదు. తెల్లజుట్టు డాక్టరు ఐదారుగురు పడుచు డాక్టర్లను వెంటబెట్టుకుని వచ్చి నిలబడి చూశాడు. చప్పుడుకూ మాటకూ మెదడులో దారులు వేరని, అత్తమ్మకు మాట దారి రెండువైపులా దెబ్బతిన్నదని వాళ్లకు చెప్పి, మా వైపు తిరిగి మాకూ మా భాషలో చెప్పాడు. పూర్తిగా బాగవుతుందా అని అడిగాను. తెలియదన్నాడు. కొంత తప్పక నేర్చుకుంటుంది, ఎంతో మాత్రం తెలియదు. అంత చదువు చదివి తెలియదని అంత తేలిగ్గా అనగలిగినవాళ్లంటే నాకు ఆ రోజు నుంచి గౌరవం. నేను బడిలో ఆ మాట అనడానికి నీళ్లు నములుతాను.

ఇలాంటివాళ్లు అరుదు కాబట్టి ఆమె గురించి డాక్టర్ల పత్రికలో రాస్తామని, పేరు మాత్రం వేయబోమని కాగితం మీద రాసి ఒప్పుకుంటుందా అని అడిగారు. అత్తమ్మ నిదానంగా చదివింది. పేరు లేకపోతే అది తనేనని అందరికీ ఎలా తెలుస్తుందని నిలదీసింది. పడుచు డాక్టర్లు నవ్వు ఆపుకోలేకపోయారు. చివరికి పేరు లేకపోయినా గాజుల సంగతి రాయాలనే షరతు మీద సంతకం పెట్టింది.

మూడు నెలలు వారం వారం వెళ్లాం. ఆ అమ్మాయి అత్తమ్మ కంటే ఎక్కువ పాఠాలు మాకే చెప్పింది. అరవొద్దు. ఎదురుగా వచ్చి కూర్చోండి. ముందు సంగతేమిటో చెప్పండి, తర్వాత మాట. ఒక్కో మాట మధ్య ఊపిరి తీసుకోండి. ఇంకో గదిలోంచి పిలవొద్దు. వంటింట్లోంచి కేకలు వేసి సంసారం నడిపినదాన్ని, నాకు ఇవి ఎక్కాలకంటే కష్టమయ్యాయి. ఒక రోజు ఆ అమ్మాయి తన సెలవు రోజున దుకాణానికే వచ్చి, ఆ ఒక్క పూటకు అత్తమ్మను గద్దె మీద కూర్చోబెట్టించి, పక్కన కూర్చుని మధ్యాహ్నమంతా చూసింది. గాజుల కొలత అత్తమ్మ ఎవరినీ అడగదని, చేతి ఎముకలు నొక్కి తెలుసుకుంటుందని మాకు చూపించింది. రంగు కళ్లతో తేలుతుంది, చిట్లు చెవితో తేలుతుంది. ఈ పనిలో మాటల అవసరం ఎంత తక్కువో ఇన్నేళ్లుగా ఆ దుకాణం తిండి తింటున్న మాకెవరికీ తట్టలేదు.

అత్తమ్మ మళ్లీ ఎప్పటిలాగే గద్దెనెక్కిన రోజు నేను బడికి సెలవు పెట్టాను. పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికూతురి తల్లి వచ్చీ రాగానే గడగడా మాట్లాడడం మొదలుపెట్టింది. నేను మధ్యలో దూరబోతే అత్తమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నా చెవులు మంచిగనే ఉన్నయమ్మా," అంది ఆవిడతో. "మాటలే జల్ది ఎక్కయి. ఎదురుంగ కూసొని నిమ్మళంగ చెప్పు."

ఆవిడ కూర్చుంది. నిదానంగా చెప్పింది. అత్తమ్మ అమ్మాయి చేయి నొక్కి చూసి, డజను ఎత్తి చెవి దగ్గర ఆడించి, అందులోంచి ఒకటి తీసి పక్కన పడేసింది. ఎదురు దుకాణం భాయ్ తన గద్దె మీద లేచి నిలబడి చూస్తున్నాడు. మా ఆయన పక్క బట్టల దుకాణంలోకి వెళ్లి, ఇవ్వడం లేదని చెప్పి వచ్చాడు.

మధ్యాహ్నం బేరాలు లేని వేళ నేను ఆమె ఎదురుగా వెళ్లి కూర్చున్నాను. ఇక దాచుకోలేకపోయాను. ముందు సంగతి చెప్పాను, ఆ సోమవారం సంగతి అని. తర్వాత ఒక్కో మాటా విడదీసి అన్నాను. "మీరు అలిగిన్రు అనుకున్న. అందుకే పట్టించుకోలే. అందుకే దవాఖానకు లేటైంది." ఆమెకు అందలేదు. మళ్లీ చెప్పాను. సగం అందింది. మూడోసారి చెప్పాలి. తప్పు ఒప్పుకోవడం ఒకసారి తల వంచుకుని గొణిగితే అయిపోయే పని అనుకున్నాను. తలెత్తి, పెదవులు కనబడేలా, మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మూడోసారికి అంతా అందింది. అత్తమ్మ చేతిలోని గాజుల్ని తిరిగి పెట్టెలో పెట్టింది.

"అలిగిన్నే గద," అంది. "పొద్దుగాల లేసినంక టీవీల మాట అర్థం కాలే. తల్కాయల ఏదో అయిందని నాకు ఎరుకైంది. నీతోని మొదలు నేనే ఎందుకు మాట్లాడాలె అని ఊకున్న. నువ్వు వస్తవేమో అని సూసిన."

నేనింకేమైనా అంటానేమోనని ఆమె నా పెదవుల వైపే చూస్తూ కూర్చుంది.