ఏం జేస్తావని అడిగినవాళ్లు

ప్రొద్దుటూరులో నేను పనిచేసే చీరల కొట్లో, ఆ మధ్యాహ్నం పులివెందుల నుంచి వచ్చిన ఒకామెకు పట్టుచీర విప్పి చూపిస్తున్నాను. అంచు గురించి చెప్పబోతే మాట రాలేదు. ఇంకోసారి నోరు తెరిస్తే అర్థం లేని శబ్దం వచ్చింది. కుడిచేతిలోంచి చీర జారిపోయింది.

"ఈయప్ప మూతి వంకర పోతాంది, బిరీన ఆస్పత్రికి తీస్కపోండి" అని ఆమె మా ఓనరును కేకేసింది. ఆమె పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఆమెకు రుణపడి ఉన్నాను.

సీటీ స్కాన్ తీసి స్ట్రోక్ అన్నారు. టైముకు వచ్చాను కాబట్టి మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్ ఇవ్వగలిగారు. ఫిజియోథెరపీతో చేయీ కాలూ మెల్లగా తిరిగొచ్చాయి. మాట మాత్రం రాలేదు.

"మీకు అన్నీ అర్థమవుతాయి, చెప్పడమే కష్టం. దీన్ని అఫేజియా అంటాం. మాట్లాడేకొద్దీ వస్తుంది" అన్నారు డాక్టరు.

మాట్లాడే పని నాకు ఎవరూ మిగల్చలేదు. నా భార్య సునీత ప్రేమకొద్దీ అన్నిటికీ తనే జవాబు చెప్పేది. ఎవరైనా కాఫీ ఇస్తామంటే "ఆయన తాగడులే" అనేది. నేను తాగుదామనుకున్న కాఫీ వెనక్కి పోయేది. స్పీచ్ థెరపీలో కొన్ని మాటలు కూడగట్టుకున్నాక ఫిట్స్ వచ్చి అవీ పోయాయి. ఇక ప్రయత్నించడం మానేశాను.

జమ్మలమడుగులో అత్తగారింట్లో ఉండగా, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక మా బామ్మర్ది జాన్, వాడి స్నేహితుడు రషీద్ బల్ల మీద పాచికలు పెట్టారు. బెంగళూరులో ఉద్యోగం చేసినప్పుడు జాన్ నేర్చుకున్న రోల్ ప్లేయింగ్ గేమ్ అది. ఒకరు కథ చెబుతారు. మిగిలినవాళ్లు అందులో మనుషులై ఏం చేయాలో చెబుతారు. అది ఫలిస్తుందో లేదో పాచిక తేలుస్తుంది.

"బావా, నువ్వు పడవ నడిపేటోనివి. పెన్న పొంగింది. నడిమేట్లో ఒకడు కొట్టుకపోతాండాడు. ఏం జేస్తావ్?"

"పడవ తిప్పుతాడులే" అంది సునీత.

"అక్కా, పడవ బావది. ఆయప్పనే చెప్పనీ."

ముగ్గురూ కాచుకున్నారు. ఎవరూ మాట అందించలేదు. చివరికి "తా... తాడు" అన్నాను.

"తాడు ఇసిరినాడప్పా" అంటూ రషీద్ పాచిక నా చేతిలో పెట్టాడు. పెద్ద అంకె పడింది, మనిషి దక్కాడు. సునీత చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది.

పెద్దవాళ్లు ఈ ఆట ఎందుకు ఆడతారని తర్వాతెప్పుడో జాన్‌ను అడిగాను. అడగడానికే శానా సేపు పట్టింది.

"ఆఫీసులో పొద్దంతా ఎవురో చెప్పింది చేస్తాంటిమి బావా. ఈడైతే నువ్వేం జేస్తావని అడుగుతారు. చెప్పేదాకా కాచుకోనుంటారు" అన్నాడు.

ఇప్పుడు రోజుకు ఒక పూట కొట్టుకు వెళ్తున్నాను. అలసిపోయిన రోజున మాటలు తడబడతాయి. మాత్రలు మానలేదు. ఆదివారాలు ఆట మానలేదు. డాక్టర్లకూ, ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకూ, దేవునికీ స్తోత్రం.

మీ ఇంట్లో ఇలాంటి రోగి ఉంటే ఒక్క పని చేయండి. ఎవరైనా ఏదైనా అడిగాక, జవాబు మీకు తెలిసినా సరే, మీరు చెప్పకండి, ఆ మనిషే చెప్పేదాకా ఆగండి. కాఫీ చల్లారినా ఫరవాలేదు.