వైరున్న సామానూ, దేవసహాయం గారూ

విదేశం పోయేవాళ్ల పెట్టెలో వైరున్న వస్తువు కనబడితే చాలు, దేవసహాయం గారికి ఒళ్లు మండిపోతుంది. మామూలు మంట కాదు. రెజిమెంటల్ బజార్‌లో ఆయన అరిస్తే మైళ్ల దూరాన నేరేడ్‌మెట్‌లో ఫ్యాన్లు వాటంతటవే ఆగిపోతాయి. నమ్మకపోతే అక్కడివాళ్లనే అడగండి, ఇంకో రెండు కోతలు కలిపి మరీ చెబుతారు.

రైల్వేలో గుమాస్తాగా రిటైరై, చర్చి క్వయర్‌కు సెక్రటరీ అయిన ఈ మనిషికి ఆ జబ్బు కొలంబోలో అంటుకుంది. పాడటానికి వెళ్లిన మన క్వయర్ వాళ్లు హోటల్లో గదికొక రైస్ కుక్కర్ పెట్టి, పప్పన్నం కోసం అంతస్తు మొత్తాన్ని చీకటి చేశారు. మేనేజరుకు క్షమాపణ చెప్పుకున్నది దేవసహాయం గారే. చెప్పినంతసేపూ వెనక గదుల్లోంచి ఇంగువ వాసన వస్తూనే ఉందట.

ఈసారి ఒసాకాలో ఒక చర్చి పాటల సభకు పిలిచింది. బయల్దేరే ముందు ఆయన అందరి పెట్టెలూ చర్చి హాల్లో బల్లలమీద విప్పించి సోదా చేశారు. రాజేందర్ ఇస్త్రీపెట్టె పోయింది. ఫెయిత్ హెయిర్ డ్రయ్యర్ పోయింది. ప్రేమమణి గారు చీరల మడతల్లో దాచిన కుక్కర్ బయటపడితే, అక్కడ అన్నం ఎవరు పెడతారని ఆవిడ నిలదీసింది. జపానోళ్లకు అన్నం నువ్వు నేర్పాల్నా అని ఆయన ఉరిమారు.

చివరికి క్యారల్ పెట్టెలోంచి నెబ్యులైజర్ తీశారు. క్యారల్‌కు ఆయాసం. సభలో సోలో పాడాల్సింది ఆమే. చల్లగాలి తగిలితే ఆ యంత్రం ఇచ్చే మందుపొగ పీల్చందే గొంతు పైకి లేవదు.

"అంకుల్, అది మందు మెషిన్. షోకుకు పెట్టుకోలే."

"అక్కడ కరెంటు వంద వోల్టులే బిడ్డా. ఇది మన రెండొందల ముప్పైది. పెడితే మూలుగుతది, పొగ రాదు. ఇన్‌హేలర్ పెట్టుకో, చాలు."

చాలదని ఆమెకు తెలుసు. ఆయనకూ తెలుసు, అదే ఆమె కడుపుమంట. విమానం ఎక్కింది మొదలు ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఒసాకాలో ఒకటే వాన. సభరోజు పొద్దున క్యారల్ ఛాతీ పట్టేసింది. ఇన్‌హేలర్ పీల్చినా లోపల ఈల ఆగలేదు. ఇవాళ పాట పోతే పాపం ఎవరిదో మొహంమీదే అడగాలని, వెళ్లి ఆయన గది తలుపు బాదింది.

దేవసహాయం గారు ఆమె రొప్పు విన్నారు. వెంటనే తన పెట్టె విప్పారు. అందులో ఒక్క చొక్కా కూడా లేదు. దుప్పట్లో చుట్టిన ఇనప దిమ్మలాంటి ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన ఆమె నెబ్యులైజర్. వంద వోల్టుల్ని మన లెక్కకు పెంచే ఆ దిమ్మ బరువుకు విమానం దారి పొడుగునా ఒక పక్కకే ఒరిగి ఎగిరిందని తర్వాత రాజేందర్ ఒట్టేసి చెప్పాడు.

ప్లగ్గు పెట్టగానే పొగ వచ్చింది. ఊపిరి కాస్త ఆడాక క్యారల్‌కు కోపం కూడా వచ్చింది.

"ముందే చెప్తే ఏమైతుండె అంకుల్?"

"చెప్తే వాళ్లు ఊకుంటరా? ఆమెకిచ్చి మాకియ్యవా అని తలా ఒక కుక్కర్ మోసుకొస్తరు. దీనికి కుక్కర్ తగిలిస్తే కాలిపోతది. అప్పుడు నీకు పొగ ఎవడియ్యాలె? మాట్లాడకు, పీల్చు."

తిడుతూనే, మాస్కు జారకుండా చేత్తో పట్టుకున్నారు.

సాయంత్రం సోలో నిండుగా లేచింది. ముందు వరుసలో దేవసహాయం గారు, ఒంటిమీదున్న ఒక్క జతా వానకు తడిసిపోగా, హోటల్ వాళ్లిచ్చిన పూలపూల జపాను అంగీలో నిటారుగా కూర్చున్నారు. వైరున్న ఇస్త్రీపెట్టెతో ఆరబెడతామన్నందుకు వాళ్లమీదా అరిచి వచ్చారట. క్యారల్ పాట మధ్యలో ఆయన్ను చూసింది. నవ్వు ఆపుకోవడానికి కూడా సరిపడా ఊపిరి ఆ పూట ఆమె దగ్గరుంది.